రెండో గీత

తమ్ముడే కావాలని ఇంజన్ తిరగేసి బిగించాడని వీధంతా చెప్పుకున్నారు. షెడ్డు తన పేరు మీదికి రావాలంటే అన్న అడ్డు తొలగాలి కదా! అందుకే పాత బండి బాగుచేస్తానని వంక పెట్టి, మూడు నెలలు దాని మీద కూర్చుని, గేరు వేస్తే వెనక్కి పరిగెత్తేలా తయారుచేశాడట. అన్నని ఎక్కించి, "పోనియ్ అన్నయ్యా" అని చేతులు కట్టుకుని చూశాడట. టైలర్ చెప్పినప్పుడు అన్న చెయ్యి ఒక చోట విరిగింది. పంక్చర్ల మనిషి చెప్పేటప్పటికి రెండు చోట్ల విరిగింది. ఆ మాట మందుల షాపు దాకా వెళ్ళేసరికి తలకి కుట్లు కూడా పడ్డాయి.

"ముందుకెళ్ళాల్సిన బండి వెనక్కెలా వెళ్తుందండీ, ఎవరో ఒకరు చెయ్యకపోతే?" అని టైలర్ అందరినీ అడిగేవాడు. కొలతల కోసం చేతులు చాచి నిలబడ్డవాళ్ళు ఏం కాదంటారు?

ఆ మాట చిన్న మెకానిక్ చెవిన కూడా పడింది. అతను ఎవరితోనూ పోట్లాటకి దిగలేదు. పోట్లాడాలన్నా కాస్త ఓపిక ఉండాలి.

ఆ అన్నదమ్ముల్ని వీధిలో పెద్ద మెకానిక్, చిన్న మెకానిక్ అనే పిలుస్తారు. చిన్న మెకానిక్‌కి యాభై ఆరేళ్ళు. జుట్టు అన్నకంటే ముందే నెరిసింది, నడుం అన్నకంటే ముందే వంగింది, అయినా చిన్నవాడు చిన్నవాడే. షెడ్డులో ఎత్తు స్టూలు అన్నది, పొట్టి స్టూలు తమ్ముడిది. స్పానర్లు అన్న చెప్పిన వరసలోనే గోడకి వేలాడాలి. ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఆ పొగలోనే బతికారు. పాత టూ స్ట్రోక్ బళ్ళు తప్ప వేరే పని నేర్చుకోలేదు. ఆ బళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నా, ఉన్నవి మాత్రం వాళ్ళని వెతుక్కుంటూ వచ్చేవి.

రావడానికి కారణం పెద్ద మెకానిక్ చేతిలోని విద్య. పాత బళ్ళలో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో రెండు చిన్న పాయింట్లు నిర్ణయిస్తాయి. అవి విడిపోయే క్షణం వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా బండి మొరాయిస్తుంది. పెద్ద మెకానిక్ ఆ పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం ముక్క పెట్టి, కొస రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఇంజన్ చక్రాన్ని మెల్లిగా తిప్పేవాడు. కాగితం చేతిలోకి జారిందంటే పాయింట్లు విడిపోయినట్టు. "కాగితమే చెప్తుందిరా, మనం వినాలంతే" అనేవాడు. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి జేబులో ఎప్పుడూ సిగరెట్ కాగితాలుండేవి. పెళ్ళయిన కొత్తలో వదిన వాటిని చూసి వారం రోజులు మాట్లాడటం మానేసిందని ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటారు.

పెద్ద మెకానిక్‌కి సొంత బండి ఒకటుంది. మెరూన్ రంగు, గుండ్రటి ట్యాంకు, పెళ్ళికి ముందు కొన్నది. ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ బళ్ళకి కిక్కులు కొట్టీ కొట్టీ అతని కుడి మోకాలు అరిగిపోయింది. రెండేళ్ళుగా ఆ బండి షెడ్డు మూల గోనెపట్టా కప్పుకుని ఉంది. అన్న రోజూ తమ్ముడి మోపెడ్ వెనక సీట్లో కూర్చుని పనికి వచ్చేవాడు. ఒకరోజు మోపెడ్ దిగుతూ అన్నాడు: "ఒరేయ్, సామాను మూటలా దిగుతున్నాను చూడు. ఒక్కసారి నా బండి నేనే స్టార్ట్ చేసుకుని, నేనే నడుపుకుంటూ ఈ గుమ్మంలోకి రావాలిరా."

అన్న అడగడం అరుదు. చిన్న మెకానిక్ గోనెపట్టా తీశాడు.

పగలంతా ఊళ్ళో వాళ్ళ బళ్ళు, సందు దొరికితే అన్న బండి. కిక్ రాడ్డు రెండంగుళాలు పొడుగు చేయించాడు, మోకాలికి భారం తగ్గుతుందని. ముందు చక్రానికి పాత బ్రేకు తీసేసి, తుక్కుకి పోయిన కొత్తరకం బండి డిస్కు బ్రేకు పెట్టాడు. అది కూర్చోడానికి లేత్ షాపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మిణుకుమిణుకుమనే లైటుని పన్నెండు వోల్టులకి మార్చాడు. సైలెన్సర్ కొత్తది వేశాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేకుండా వేరే ఆయిల్ ట్యాంకు, పంపు అమర్చాడు. ఈమధ్య అన్న ఆయిల్ కొలిచేటప్పుడు గీత దాటించి పోసేస్తున్నాడు. చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాడు తమ్ముడు. అంతకు మించి ఆలోచించలేదు. సాయంత్రానికి అతని ఒళ్ళు పులిసిపోయేది, ఆలోచనలు కూడా దాంతోపాటే పులిసిపోయేవి.

ఆఖరున పాయింట్లు తీసేసి, వాటి పని చేసే ఎలక్ట్రానిక్ కిట్ పెట్టాడు. దాంతో సగం కిక్కుకే బండి అందుకుంటుంది. అరిగిన మోకాలికి అంతకంటే మందు లేదు.

తీసేసిన పాయింట్లు అన్న చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో తడిమాడు. "ఇక కాగితంతో పని లేదన్నమాట."

"లేదన్నయ్యా."

"మరి నేనేం చెయ్యనురా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఎత్తు స్టూలు మీద అంత చిన్నగా కూర్చున్న అన్నని తమ్ముడు అదివరకు చూడలేదు. కిట్‌లో ఇంకా ఒక్క పని మిగిలి ఉంది. తిరిగే చక్రం మీది గీత, కదలని ప్లేటు మీది గీత ఒకదానికొకటి ఎదురుగా తెచ్చి మూడు స్క్రూలు బిగించాలి. రవ్వ పడే వేళ కుదిరేది దాంతోనే.

"టైమింగ్ నువ్వే పెట్టు అన్నయ్యా. నీ చెయ్యి పడకపోతే ఆ బండి కదలదు" అన్నాడు.

చక్రం మీద గీతలు రెండున్నాయి. కుడికి తిరిగే ఇంజన్లకి ఒకటి, ఎడమకి తిరిగే ఇంజన్లకి ఇంకొకటి. తమ్ముడు ఆ మాట చెప్పాడు కూడా. "తెలుసులేరా, నీకు నేర్పినవాణ్ణి" అని అన్న వంగాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. ముఖం ఇంజన్‌కి ఆనేంత దగ్గరగా పెట్టి, గోటితో గీత కోసం తడిమాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి. తమ్ముడు అది చూశాడు. వెళ్ళి సరిచూద్దామని ఒక అడుగు వేశాడు కూడా. అన్న పెట్టిన టైమింగ్‌ని ముప్పై ఏళ్ళలో ఎవరూ సరిచూడలేదు. పైగా నడుం పీకేస్తోంది. సరేలే అనుకుని, చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

టూ స్ట్రోక్ ఇంజన్‌కి ముందూ వెనకా అన్న పట్టింపు లేదు. రవ్వ సరైన వేళకి పడితే ముందుకి తిరుగుతుంది. వేళ తప్పితే అంతే హుషారుగా వెనక్కి తిరుగుతుంది. అన్న ఎక్కి కొట్టిన సగం కిక్కుకే బండి అందుకుంది. శబ్దం కాస్త తేడాగా ఉంది, కొత్త సైలెన్సర్ కదా అనుకున్నాడు తమ్ముడు. అన్న ముఖం వెలిగిపోతోంది. "చూశావా!" అని ఎదురు షాపు గుమ్మంలో నిలబడ్డ టైలర్‌కి వినిపించేలా అరిచి, గేరు వేసి, క్లచ్ వదిలాడు.

బండి వెనక్కి దూకింది. పాత టైర్ల గుట్టని తన్ని, పంక్చర్ల మనిషి నీళ్ళ తొట్టిని తిరగేసి, గోడని గుద్దింది. పెద్ద మెకానిక్ ఎడమ మణికట్టు మీద పడ్డాడు.

ఆసుపత్రి వరండాలో వదిన బెంచీ మీదనుంచి లేవకుండానే అడిగింది.

"ఏమయ్యా మరిదీ, బిగించింది నువ్వేనా?"

గది తలుపు తెరిచే ఉంది. లోపల అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు, వీపు చూస్తేనే తెలుస్తోంది.

"నేనే వదినా."

"ముప్పై ఏళ్ళు కంటికి రెప్పలా చూశావు. ఒక్కసారి సరిగ్గా చూసుకోలేకపోయావా?"

అబద్ధం చెప్పి నిలబడ్డవాడికి ఆ నిజం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లోపల ఆ వీపు కదల్లేదు.

ఆ తరవాత రెండు వారాలు చిన్న మెకానిక్ ఒక్కడే షెడ్డు తెరిచాడు, ఒక్కడే మూశాడు. పొట్టి స్టూలు మీదే కూర్చున్నాడు. తెలిసినవాళ్ళు బండి ఇస్తూ, "ముందుకే వెళ్తుంది కదా?" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. మధ్యాహ్నాలు టైలర్ ఎప్పటిలాగే టీ గ్లాసు పట్టుకుని వచ్చి, షెడ్డు గోడకి కుర్చీ ఆనించుకుని కూర్చునేవాడు.

"అన్నయ్యకెలా ఉంది?"

"బానే ఉంది."

"నీ మీద కోపంగా ఉన్నాడా?"

"నీ గ్లాసులో ఈగ పడింది చూడు."

పదిహేనో రోజు పెద్ద మెకానిక్ నడిచి వచ్చాడు. ఎడమ చేతికి కట్టు, మెడలో గుడ్డ పట్టీ. ఎత్తు స్టూలు ఎక్కలేదు. బండి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. చాలాసేపు ఇంజన్‌ని చూస్తూ ఉండిపోయాడు.

"ఆ రెండో గీత ఎందుకు పెట్టాడ్రా ఆ కిట్ చేసినవాడు?"

తమ్ముడు స్పానర్ కింద పెట్టాడు. ఆ ఒక్క మాట కోసం తను రెండు వారాలుగా ఎదురుచూస్తున్నాడని అప్పుడే తెలిసింది.

"చెప్పాను కదన్నయ్యా, అటు తిరిగే ఇంజన్ల కోసమని."

"చెప్పావు. నాకు ఒక్క గీతే కనబడింది. అది కూడా ఉందో లేదో అన్నట్టు." గొంతు తగ్గించాడు. "చూపు మందగించి ఏడాది పైనే అయిందిరా. కాగితం చేతిలో ఉన్నంతకాలం కళ్ళతో పనేముంది? నాకే తెలియలేదు. తెలిశాక చెప్పుకోలేకపోయాను."

"నాకు కనబడింది" అన్నాడు తమ్ముడు. "నువ్వు గోటితో వెతకడం చూశాను. చూసి కూడా చేతులు కడుక్కోడానికి పోయాను."

అన్న, "మీ వదినకి నిన్న చెప్పేశాను. ఇవాళ నాకు కాఫీ ఇవ్వలేదు" అన్నాడు.

తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పి పెట్టింది.

"టార్చి పట్టరా. కరెక్టు గీత ఏదో చూపించు."

తమ్ముడు వేలు పెట్టి చూపించాడు. పెద్ద మెకానిక్ కుడి చేత్తో జేబులోంచి సిగరెట్ కాగితం తీసి, పళ్ళతో సన్నగా చింపి, వేలికొసన ఇంత గ్రీజు అద్ది ఆ గీత పక్కనే అతికించాడు. నల్లటి ఇనుము మీద తెల్లగా నిలిచింది కాగితం.

"ఇదిగో, ఇప్పుడు కనబడుతోంది" అన్నాడు. ఒంటి చేత్తోనే చక్రం తిప్పి, కాగితం అంచుని ప్లేటు గీతకి ఎదురుగా తెచ్చి, మూడు స్క్రూలూ తనే బిగించాడు. బిగించాక కాగితం పీకేసి, "ఇప్పుడు నువ్వు చూడు" అని పక్కకి జరిగాడు. తమ్ముడు వంగి చూశాడు. సరిగ్గా ఉంది. ముప్పై ఏళ్ళలో అన్న పనిని సరిచూడటం అదే మొదటిసారి.

కట్టు విప్పేదాకా అన్న నడపకూడదు కాబట్టి కిక్కు మాత్రం కొట్టాడు. సగం కిక్కుకే అందుకుంది. తమ్ముడు నడిపాడు, అన్న వెనక కూర్చున్నాడు. బండి ముందుకే వెళ్ళింది. వీధి చివర కళ్ళ డాక్టరు గది ముందు ఆగింది.

తిరిగొచ్చేటప్పుడు అన్న వెనకనుంచి, "టైలర్‌కి చెప్పేస్తాన్రా, బిగించింది నేనేనని" అన్నాడు.

"వద్దులే అన్నయ్యా. అప్పుడు నీ కళ్ళు పూర్తిగా పోయాయంటాడు. వాడితో ఎవడు పడతాడు?"

టైలర్ అప్పటికే షెడ్డు గోడకి కుర్చీ ఆనించుకుని కూర్చున్నాడు. అతని తలకి జానెడు పైన, పొగచూరిన అద్దం వెనక షెడ్డు లైసెన్సు కాగితం వేలాడుతోంది. పదకొండేళ్ళ కిందట, "ఈ ఆఫీసులు, ఈ కాగితాలు నావల్ల కాదు, అన్నీ నువ్వే చూసుకో" అని పెద్ద మెకానిక్ తనే దగ్గరుండి దాన్ని మార్పించాడు. అందులో యజమాని అన్నచోట ఉన్నది తమ్ముడి పేరే.