చేదు లేని క్వినైను

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మాది కర్నూలు దగ్గర నేతగాళ్ల ఊరు. దానికి మందైన క్వినైను బజారులో దొరకదు. అయినా మాకు బెంగ లేదు. కర్నూలులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర మా మేనమామే కాంపౌండరు. డాక్టరు రాసిన మందు తనే కలిపి, మోతాదు గుర్తులకు గాట్లు పెట్టిన కాగితం సీసాకు అంటించి తెచ్చేవాడు.

మొదటి సీసా విషమంత చేదు. అమ్మ కక్కుకుంది. రెండో సీసా తియ్యగా ఉంది.

"చేదు యాడికి పాయరా?" అని అమ్మ అడిగింది.

"చక్కెర శానా ఏసినాక్కా. చేదునంతా అది మింగేసింది," అన్నాడు మామ.

అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ సీసా చూపి తమ్ముణ్ణి పొగిడేది. చుక్క వదలకుండా తాగేది. జ్వరం తగ్గలేదు. కార్తీకంలో పోయింది. ఆయుస్సు అంతేనన్నారు, నేనూ నమ్మాను.

మరుసటేడు కర్నూలు హైస్కూల్లో సైన్సు అయ్యవారు గ్లాసెడు నీళ్లలో చక్కెర కలిపారు.

"కనపడకపోతే పోయినట్టు కాదప్పా. నీటి అణువులు చక్కెర అణువులను చుట్టుకొని ఒక్కోదాన్నే విడదీస్తాయి. అవి నీళ్లలోనే ఉంటాయి."

నేను లేచాను. "క్వినైను గూడా ఏస్తే, చక్కెర దాని చేదును మింగేస్తాదా సార్?"

"ఎట్ల మింగుతాది? రెండూ ఆ నీళ్లలోనే ఉంటాయి. ఎంత చక్కెర ఏసినా క్వినైను చేదు నాలుకకు తెలుస్తాది."

పిల్లలు నవ్వారు. నాకు అమ్మ తాగిన రెండో సీసా గుర్తొచ్చింది.

బడి వదలగానే మామ ఇంటికి పోయి నిలదీశాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"ఈడొక షావుకారు కొడుక్కు జ్వరమొస్తే మీయమ్మ క్వినైను వానికిచ్చినా. మీయమ్మది గట్టి ఒళ్లు, తట్టుకుంటాదనుకుంటి. అయినా ఉత్త నీళ్లియ్యలేదు గదప్పా! మా పిల్లోళ్ల రేషను చక్కెరంతా మీయమ్మకే ఏసినా."

ఆ మాట అనేసి, నేనేదో మెచ్చుకోవాలన్నట్టు నా మొహంలోకి చూశాడు. కంచే చేను మేసిందని వీధిలో నిలబడి అరవాలనిపించింది. ఆ కోపంతోనే ఊరికి పోయి నాన్నకు చెప్పాను. నాన్న మగ్గం ఆపలేదు.

"మీయమ్మకు మొదటి గుక్కకే తెల్సురా. బయటపడితే తమ్ముని ఉద్యోగం పోతాదని, ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుండె."

మామను ఇప్పటికీ తిట్టుకుంటాను, అది సులువు. నన్ను కాదని తమ్ముణ్ణి కాపాడుకున్న అమ్మను ఏమని తిట్టుకోను?