బుల్లి చక్రం మీద నా ప్రతాపం

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో మా ఆవిడ మా ఇంట్లో, పుట్టింట్లో తప్ప ఇంకెక్కడా ఒక్క రాత్రి ఉండలేదు. పరాయి బాత్రూం అంటే ఆవిడకి పడదు. ఎవరింట్లో పెళ్ళయినా సరే, ఆఖరి బస్సుకి ఇల్లు చేరాల్సిందే. ఉప్పాడలో తెల్లారుతుంటే సముద్రం చూడాలని మాత్రం పెళ్ళయిన కొత్తలోనే అడిగింది. సరే, బాత్రూమునే వెంట తీసుకెళ్దామని కేరవాన్ కొన్నాను. జీపు వెనక తగిలించుకునే ఇల్లన్నమాట. అటు రెండు, ఇటు రెండు చక్రాలు. జీపు విప్పేసినప్పుడు ముక్కు నేలకి ఆనకుండా ముందొక బుల్లి చక్రం.

బయల్దేరే రోజున బండి మొహం పశువుల పాక వైపు ఉంది. గేటు వైపు తిప్పాలి.

“జీపు తగిలించి తిప్పండి,” అంది ఆవిడ. అప్పటికే నీళ్ళ ట్యాంకు నింపేసి, గ్యాసు బండ, ఆవకాయ జాడీ లోపల సర్దేసింది.

“ఎడ్లబండిని కాడి పట్టుకుని గిర్రున తిప్పినోణ్ణి. దీనికి జీపెందుకే?” అన్నాను.

ఎడ్లబండికి ఇరుసు ఒకటే కాబట్టి తిరుగుతుంది. దీనికి రెండు. ముక్కు పక్కకి తోస్తే నాలుగు చక్రాలూ నేలని గీరుకుంటూ మొండికేశాయి. నేను తోసిన బలమంతా పోయి బుల్లి చక్రం మీద పడింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది లెండి. అప్పుడు నాకున్నది కోపం ఒక్కటే.

“ఆయ్, మీరు తొయ్యండి, నేను లాగుతాను,” అంటూ ఎదురింటాయన వచ్చాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా బలం పట్టాం. టక్కుమంది. చక్రం పట్టుకున్న ఇనప రాడ్డు వంకరపోయి, ముక్కు నేలకి కొట్టుకుంది. లోపల జాడీ పగిలిన చప్పుడు.

ఆవిడ తిట్టినా బాగుండేది. కొత్త చీర కొంగు బొడ్లో దోపుకుని, ఆవకాయ తుడవడానికి లోపలికి వెళ్ళింది. నాకు నిజంగా సిగ్గేసింది.

“ఇవాళే వెళ్దాం,” అన్నాను. జాకీతో ముక్కు ఎత్తి జీపుకి తగిలించి, పాక చుట్టూ తిప్పుకుని గేటు దాటాను. పది నిమిషాలు పట్టింది. మొదటే ఆవిడ చెప్పిన పని.

చీకటి పడ్డాక చేరాం. ఉప్పాడలో బండి పెట్టుకోనిచ్చిన చోటు ఇరుకు. పొద్దున్నే లేచి చూద్దుం గదా, కిటికీలో టీ కొట్టు! సముద్రం వెనక వైపుంది. ఒళ్ళు మండిపోయింది.

“ఉండు, నలుగుర్ని పిలిచి ముక్కు ఎత్తించి తిప్పేస్తాను,” అని పంచె ఎగ్గట్టాను.

“మీకో దణ్ణమండీ, దాన్ని ముట్టుకోకండి,” అంటూ ఆవిడ రెండు కుర్చీలు వెనక్కి లాక్కుపోయి వేసింది. “ఈ ఊళ్ళో సముద్రమే ఏటేటా మనుషుల వైపు జరుగుతోందంట. మీరు తిప్పక్కర్లేదు. వచ్చి కూర్చోండి.”

కూర్చున్నాను. సూర్యుడు నీళ్ళలోంచి పూర్తిగా పైకొచ్చేదాకా ఆవిడ కళ్ళు తిప్పలేదు. తర్వాత, ఆఖరి బస్సుకి ఇల్లు చేరే ఆ మనిషి, నా వైపు తిరక్కుండానే అడిగింది.

“ఇంకో రెండ్రోజులు ఉందామాండీ?”