మోటారు చేసే ఫోన్

నాయన చనిపోయిన నెల రోజులకు, ఒక మధ్యాహ్నం టీవీలో దెయ్యం సినిమా చూస్తున్నాను. అందులో దెయ్యం కనిపించదు. చనిపోయిన భర్త పక్కగదిలోనే ఉన్నాడని ఒకామె మెల్లగా నమ్మడం మొదలుపెడుతుంది, అంతే. ఆమె రెండు గ్లాసుల్లో కాఫీ పోసింది.

అప్పుడే వంటింట్లో నాయన ఫోన్ మోగింది. మా బత్తాయి తోటకు కరెంటు రాగానే బోరు మోటారు స్టార్టరు ఆయన నంబరుకే ఫోన్ చేస్తుంది. ఎత్తితే, మోటారు ఆన్ అయిందని రికార్డు గొంతు ఒక్కమాట చెప్పి ఆగిపోతుంది. ఆ నంబరు ఇంకా మార్పించలేదు.

అమ్మ ఎత్తింది. విని పెట్టేస్తుందనుకున్నాను.

"యాడుండావప్పా ఇంతసేపు? సంగటి చల్లారిపోతాండాది," అంది. కాసేపాగి, "సరేలే, చీనీ చెట్లకు నీళ్లు కట్టినాకనే రా," అంది.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. మధ్యమధ్య ఊఁ కొడుతోంది. ఒకసారి నవ్వింది కూడా.

అమ్మా అని పిలవబోయి ఆగాను. రిమోట్ తీసుకుని సినిమా సౌండు తగ్గించాను. అమ్మను కనిపెట్టుకుని ఉండటానికి కాదు. అవతలి జవాబు నాకూ వినబడుతుందేమోనని.