వాల్వులు వేడెక్కేదాకా

మాదాపూర్ దాటాక రోడ్డు మట్టిబాటగా మారిన చోట జీపు నన్ను దించింది. తొంభైల చివర్లో ఒక మే నెల. ఎటు చూసినా దొంతులు పేర్చినట్టు బండలు. చెట్టు నీడ లేదు. చెయ్యి ఆనిస్తే బండ కాలింది.

సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా రిటైరై అప్పటికి నెల కూడా కాలేదు. ఐటీ భవనాల కోసం బండలు పేల్చి జాగా చదును చేసే కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఇంట్లోవాళ్లు దాన్ని నౌకరీ అన్నారు. నేను మాత్రం పోస్టింగ్ అనే అనుకున్నాను.

నాకు అప్పగించిన సామాను: రేకుల షెడ్డు, స్తంభాలకు కట్టిన మైకు బూరలు, చందానగర్‌లో ఒక మైకుసెట్ల షాపు నుంచి కిరాయికి తెచ్చిన, గాజు గొట్టాలతో పనిచేసే పాత వాల్వు ఆంప్లిఫయర్. పేలుడుకు ముందు మైకులో హెచ్చరించడం నా డ్యూటీ. అవతలి అంచున చంద్రమ్మ ఉండేది. పాలమూరు మనిషి. నా మాట వినగానే అక్కడ కంకర కొట్టే ఆడవాళ్లను దూరం పంపి, పచ్చజెండా ఎత్తాలి. ఆ జెండా కనిపిస్తేనే బ్లాస్టింగ్ మేస్త్రి ఎల్లయ్య పేలుడు పెట్టె మీట తిప్పాలి.

మొదటి రోజే ఆంప్లిఫయర్‌ను పరీక్షించాను. స్విచ్ వేశాను. గాజు గొట్టాల్లో తీగలు ఎర్రబడ్డాయి. కాసేపటికే గొంతు పలికింది, కానీ పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు. వెనక గుయ్‌మని మోత. ఎల్లయ్యను అవతలి అంచుకు పంపి, మాట అర్థమైతే చెయ్యి ఊపమన్నాను. పావుగంట దాకా ఊపలేదు.

ఈరోజుల్లో పాటల కోసం ఇలాంటి ఆంప్లిఫయర్ కొనుక్కుని, ఎంతసేపు వేడెక్కనివ్వాలని నన్ను అడిగేవాళ్లున్నారు. పలకడానికి నిమిషం చాలు. నిండుగా పలకాలంటే పావుగంట, ఇరవై నిమిషాలు. వాల్వులు అరిగినవైతే ఇంకాస్త. సైన్యంలో పాత వైర్‌లెస్ సెట్ల దగ్గర విన్నదే. ఆ బండల మీద నమ్మాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం. బండకు తొలిచిన రంధ్రాల్లో పేలుడు మందు కూరారు. వైర్లు కలిపారు. నేను మైకు అందుకునేలోపే కరెంటు పోయింది. గచ్చిబౌలి వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. మెరిసింది. మందు కూరిన బండ మీద పిడుగు పడితే ఆ మందు మా మీట కోసం ఆగదు.

సైట్ ఇంజనీరు పరిగెత్తుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. గుంటూరు వైపు ఆయన.

"హవల్దారు గారూ, ఇప్పుడే పేల్చేద్దామండి. ఆలస్యమైతే దానంతటదే పేలుతుంది."

"అవతల జనం ఉన్నరో లేరో తెల్వదు సార్."

"ఎవర్నైనా పంపుదామండీ?"

"కొత్తగూడ మీదికెల్లి తిరిగి పోవాలె. చానసేపు పడ్తది. ఈ బండ మీదికెల్లి మనిషిని పంపేది లేదు."

అంతలో కరెంటు వచ్చింది. వాల్వులు చల్లారిపోయి ఉన్నాయి. అయినా మైకు అందుకున్నాను.

"పేలుడున్నది. దూరం పోండ్రి."

గాలికి నా గొంతు ఎటో కొట్టుకుపోయింది. అవతల జెండా లేవలేదు.

ఎల్లయ్య కూర్చునేది మందుకు అందరికంటే దగ్గర. చెయ్యి మీట మీదే ఉంది. "మెరుపు మీదికొస్తున్నదన్నా!" అని కేకేశాడు. "ఇన్నరేమో. ఎల్లిపోయిండ్రేమో."

"ఏమో అంటే కాదు. జెండా లేవలే. చెయ్యి తియ్యి. నువ్వు షెడ్డుకు రా."

"పెట్టె ఇడిసి రాను."

చెయ్యి తీశాడు. కదల్లేదు.

అవే మాటలు మళ్లీ మళ్లీ చెప్పాను. చినుకులు మొదలయ్యాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎడం తగ్గిపోతోంది. వేళ్లతో మైకు పిసికేస్తున్నాను. మెల్లగా గుయ్‌మనే మోత అణిగింది. గొంతు బరువెక్కింది. అవతలి బండలకు తగిలి నా మాట నాకే తిరిగొచ్చింది.

ముందుకు వంగిన ఒక పెద్ద బండ కింది నుంచి ఆడవాళ్లు బయటికి ఉరికారు. వాళ్ల వెనక చంద్రమ్మ. అందరూ దూరం చేరాక జెండా లేచింది.

"ఎల్లయ్యా, ఇగ కొట్టు!"

నేల అదిరింది. పొగ తేలిపోయాక చూస్తే ఆ పెద్ద బండ లేదు.

చంద్రమ్మ తడిసి వచ్చింది. "కరెంటు పోయింది గద అన్నా, ఇయ్యాల పేలుడు లేదనుకున్న. వాన పడ్తదని నేనే ఆళ్లను బండ కిందికి తోలిన. ముందు గుయ్యిమంటే గాలనుకున్న. తర్వాత నీ మాట సాఫ్‌గ ఇనొచ్చింది."

కొన్నాళ్లకు ఇంజనీరు కాంట్రాక్టరుతో పోట్లాడి జనరేటరు తెప్పించాడు. ఎల్లయ్య మాత్రం ఆ వారమే మూట కట్టుకున్నాడు. "మీట చూస్తే ఆ మెరుపే యాదికొస్తున్నదన్నా. ఇగ నాతోని కాదు." ఉండిపొమ్మని చెప్పే ముఖం నాకు లేకపోయింది. అతన్ని పిడుగు కింద కూర్చోబెట్టింది, జెండా లేచేదాకా ఆగమన్న నా మాటే.

వానాకాలం వెళ్లేసరికి అక్కడ నా పని అయిపోయింది. ఆంప్లిఫయర్ షాపులో అప్పజెప్పి, శేరిలింగంపల్లి మీదుగా సైకిలు మీద ఇల్లు చేరాను. స్నానం చేస్తే చెవుల్లోంచి బండపొడి వచ్చింది.

అక్కడ ఇప్పుడు అద్దాల మేడ ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు కనిపించేది వేరు. వానలో వరసగా నిలబడ్డ ఆడవాళ్లు. పేలుడుకు సరిగ్గా ముందు ఒక ముసలామె, పక్కనున్న పడుచుపిల్ల చెవులను రెండు అరచేతులతో మూసింది. తన చెవులు అట్లాగే వదిలేసింది.