కోడలి రొట్టె

మొన్న అనంతపురంలో మనవడితో ఒక బేకరీకి పోయాను. అద్దాల పెట్టెలో చెనక్కాయ పొడి కలిపిన గుండ్రటి రొట్టెలు, వాటి ముందు ఒక చీటీ: 'కోడలి రొట్టె'. ఎనభై దాటినదాన్ని, అయినా నా కడుపు భగ్గుమంది. ఆ రొట్టె నాది.

గుత్తిలో మా నాయనకు రొట్టెల బట్టీ ఉండేది. ఒక కరువు ఏడు మైదా సరిపడా దొరక్క నాయన బట్టీ మూసేద్దామంటుంటే, చెనక్కాయ విత్తనాలు వేయించి, దంచి, బెల్లంతో పిండిలోకి పిసికింది నేను. అప్పటికి నాకు పదహారేళ్లు. రైల్వే వాళ్లు పొద్దున్నే టీలోకి అవే కావాలనసాగారు. రొట్టెలు ఇచ్చేది వీధివైపు గోడకున్న చిన్న కిటికీలోంచి. పెళ్లికాని పిల్ల వీధిలోకి చేయి చాపకూడదని నాయన కట్టడి. అందుకని ఆ పని, విడపనకల్లు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మా వదినకు పడింది. కొనేవాళ్లకు కనిపించేదల్లా మోచేతి దాకా పచ్చగాజులున్న ఆమె చెయ్యే. వారం తిరక్కుండానే దానికి కోడలి రొట్టె అని పేరు పడిపోయింది.

ఆమె గయ్యాళైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. "మా ఆడబిడ్డ చేసిందన్నా ఇది" అని కనపడినవాడికల్లా చెప్పేది. అది విని నేను ఇంకా కుళ్లుకునేదాన్ని. నా పేరు కూడా ఆమె నోటి నుంచే రావాలా అని.

ఒకరోజు వదినకు జ్వరం. నాయన కట్టెలకు పోయినాడు. ఇదే అదనని కిటికీలోంచి నా చెయ్యి చాపాను. బయట ఒక ఇంజను డ్రైవరు.

"గాజులేవమ్మా కోడలా?"

"నేను కోడల్ని కాదు, కూతుర్ని. ఈ రొట్టె చేసేది నేనే."

"ఎవరైతే ఏమిలేమ్మా. కోడలి రొట్టె రెండియ్యి, బండికి టైమయితాండాది."

ఇదంతా వదిన మంచంలోంచి విన్నట్టుంది. మర్నాడు తన కుడిచేతి గాజులన్నీ తీసి నాకు తొడగబోయింది. "నీ గాజులు నాకొద్దు, నా రొట్టె నాకియ్యి" అన్నాను. పాపం, ఎట్లా ఇస్తుంది? తల వంచుకొని గాజులు మళ్లీ ఒక్కొక్కటే వేసుకుంది.

బేకరీ అబ్బాయిని అడిగాను, ఎవరి కోడలని. "ఏమో అవ్వా, ఎప్పట్నుంచో అదే పేరు" అన్నాడు. రెండు కొని రెండూ నేనే తిన్నాను. చెనక్కాయ తక్కువైంది. ఆ మాట చెప్పుకోను వదిన లేదు, పోయి చాలా ఏళ్లయింది. కాలం ఆమెను తీసుకుపోయింది గానీ, ఆమె మీద నా కుళ్లును మాత్రం నాకే వదిలేసింది.