పొట్టేలు చెవి పూడ్చిన ప్లగిన్

జమ్మలమడుగు సంతలో మా బామ్మర్ది పొట్టేలు తప్పిపోయింది. అది నడిచొస్తుంటే గండికోట గోడలు పక్కకు జరిగి దారి ఇచ్చేవని వాళ్ల ఊళ్లో చెప్పుకుంటారు. మందకంతా అదొక్కటే విత్తనం పొట్టేలు. అది దొరక్కపోతే వచ్చే ఏడు మందలో పిల్ల అన్నది పుట్టదు. ఆ దిగులుతో మనిషి మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా ఇంటికొచ్చి ఏడు సంగటి ముద్దలు తిన్నాడు గానీ, అది తిండి కింద రాదు, దుఃఖం కింద వస్తుంది.

అతని ఫోన్లో పొట్టేలు ఫోటో ఒకటుంది, కాస్త మసకగా. చదువుకున్న బావను కాబట్టి పెత్తనం నాదయింది. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన స్టూడియోలో ఇచ్చి, బాగు చేసి పోస్టర్లు వేయమన్నాను. వచ్చిన పోస్టర్లో పొట్టేలు అచ్చం కొత్త పెళ్లికొడుకు. మురిసిపోయి, పులివెందుల దాకా టీ అంగడన్నది వదలకుండా అంటించాం.

నాలుగో రోజు పులివెందుల దగ్గర నుంచి ఒక ముసలాయన ఫోన్ చేశాడు. అదే సంతలో కొన్న గొర్రెలతో పాటు ఒక పొట్టేలు ఎక్కువ వచ్చిందట. ఎగిరి వెళ్లాం. అదే పొట్టేలు. కానీ ముసలాయన పోస్టరు తెచ్చి దాని తల పక్కన పెట్టాడు.

"మీ పొట్టేలు చెవి నిండుగా ఉండాది. దీనికి రెండు గాట్లు ఉండాయి. ఇది మీది కాదప్పా."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. మా వైపు గొర్రెలకు చెవి గాటే ఇంటిపేరు. పిల్లగా ఉన్నప్పుడే ఎవరి తీరులో వాళ్లు కోస్తారు. మా బామ్మర్ది వాళ్లది ఎడమ చెవికి రెండు గాట్లు. పోస్టర్లో ఆ చెవి లేత తమలపాకులా ఉంది. గాట్లున్నాయని ఇప్పుడు చెబితే, ఎదురుగా చూసి చెప్పినట్టే గదా. బామ్మర్ది ఫోన్లో ఉన్న మసక ఫోటోలో చెవే సరిగా కనబడదు.

స్టూడియో ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఆవలిస్తూ, ప్లగిన్ తీయడం మరిచిపోయానన్నాడు. అదేందని అరిచాను.

"ఫోటోల సాఫ్ట్‌వేర్ ట్రాక్టర్ అనుకోన్నా. ప్లగిన్ దాని ఎనక తగిలించే మడక. ఇంగెవురో చేసింటారు, మనం తెచ్చి తగిలించుకుంటాం. ట్రాక్టర్‌కు దున్నను రాదు, మడకకు నడవను రాదు. విప్పేస్తే ట్రాక్టర్ ట్రాక్టరే."

పెళ్లి ఫోటోల్లో మచ్చలు, గాట్లు పూడ్చడానికి తగిలించిన ప్లగిన్ అట అది. మనిషో మేకో అడగదు. గాటు కనబడితే పూడ్చడమే దాని పని. అంటే ఈ మహానుభావుడు మడక దించిన ట్రాక్టర్‌ను తారు రోడ్డు మీద తోలి, మా వంశం పొట్టేలు చెవిని చదును చేశాడన్నమాట.

ప్లగిన్ విప్పి, అదే ఫోటో మసక మాత్రం తీసి వాట్సాప్‌లో పంపాడు. ఎడమ చెవికి రెండు గాట్లు. ముసలాయన ఫోనును కంటికి ఆనించి, తర్వాత పొట్టేలు చెవి పట్టుకుని వేలితో తడిమి చూశాడు. తాడు మా బామ్మర్ది చేతికిచ్చాడు.

తిరుగు దారిలో ఆటోలో బామ్మర్ది చాలాసేపు పొట్టేలు చెవి నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత నా నుదుటి మీద చిన్నప్పటి గాటు వైపు చూశాడు.

"బావా, నీ ఫోటో గూడా ఆ స్టూడియోలోనే తీయించినావు గదా. రేపు నువ్వు తప్పిపోతే మా అక్క ఏం చూపిచ్చి ఇడిపిచ్చుకోవల్ల?"

ఇల్లు చేరగానే గోడ మీద నా ఫోటో చూశాను. నుదురు నున్నగా మెరుస్తోంది.