చీజ్ అమ్మే బౌక్యె తలనొప్పి

హార్లింగెన్ రేవులో శనివారం సంతకు వచ్చేవాళ్ళు బౌక్యె చీజ్ బండి దగ్గర కాస్త జాగ్రత్తగా మాట్లాడేవారు. "ఇది మరీ గట్టిగా ఉంటుందా?" అని ఎవరైనా అడిగితే, "పళ్ళున్నాయిగా, కొరికి చూడండి" అని వేలెడు ముక్క చేతిలో పెట్టేది. యాభై దగ్గరపడిన మనిషి. చేతులు పెద్దవి, నోరు ఇంకా పెద్దది.

పెళ్ళికి ముందు నుంచీ ఆమెకు పార్శ్వపు తలనొప్పి. మొదట ఎడమకంటి మూలన ఒక వంకర గీత మిలమిలలాడేది. కాసేపటికి సగం తలలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉండేది. ఇక తెరలు దించుకోవడం, మంచం పక్కన బకెట్ పెట్టుకోవడం, పలకరించిన మొగుణ్ణి చేత్తోనే పొమ్మనడం.

ఆ నొప్పినైనా భరించేది గానీ సలహాలను భరించలేకపోయేది. తలనొప్పి అన్న మాట చెవిన పడితే చాలు, ఊళ్ళో ప్రతివాడూ వైద్యుడైపోయేవాడు. చేపలమ్మే ఆయన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోమన్నాడు. చర్చిలో పాడే ఆవిడ చాక్లెట్ మానేయమంది. పక్కింటి పెద్దమనిషి తనకు పుట్టి బుద్ధెరిగాక తలనొప్పే రాలేదని చెప్పి, అదేదో తన ఘనతైనట్టు ఛాతీ విరుచుకున్నాడు.

"తల ఉన్నవాళ్ళకి కదండీ నొప్పి వచ్చేది" అంది బౌక్యె.

వీళ్ళందరినీ తలదన్నింది ఆడపడుచు రెన్స్కె. అన్న వీబె అంటే ప్రాణమే గానీ, ఏ పనీ రెండేళ్ళు చేసిన మనిషి కాదు. కొన్నాళ్ళు అగరు కొవ్వొత్తులు అమ్మింది. కొన్నాళ్ళు రంగురాళ్ళు వీపు మీద పెట్టి జనాన్ని పడుకోబెట్టింది. ఆ వసంతంలో ఎక్కడికో వెళ్ళి వారం రోజుల శిక్షణ పొంది, 'ఆహార మార్గదర్శి' అయి తిరిగొచ్చింది. లైబ్రరీ వెనక గదిలో తలనొప్పివాళ్ళను పోగుచేసి మంగళవారం మంగళవారం బోధించడం మొదలుపెట్టింది.

"విషం నీ చేతుల్లోనే ఉంది వదినా" అంది ఒక ఆదివారం కాఫీకి వచ్చి. "ముదురు చీజ్! ముందు దాన్ని మానెయ్. పాలు, గుడ్డు, గోధుమ, టమాటా, నారింజ కూడా ఆపెయ్. పొద్దున్నే పరగడుపున ఆకు రసం తాగు."

"మా అమ్మా, అమ్మమ్మా ఆ విషం తింటూ, అమ్ముకుంటూ బతికారు. ఎవరూ చావలేదు."

"చచ్చారుగా వదినా."

"తొంభై దాటాక చచ్చారు. నీ ఆకు రసం తాగినవాళ్ళలో తొంభై దాటినవాళ్ళని ఒక్కర్ని చూపించు."

వీబె కప్పులో మూతి పెట్టి దగ్గాడు. చెల్లెలికీ పెళ్ళానికీ మధ్య అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

అయితే వేసవి మొదట్లో ఒక సంత నాడు, చీజ్ కోసే తీగ పట్టుకుని ఉండగానే బౌక్యె కంట్లో ఆ వంకర గీత లేచింది. సగం చూపు పోయింది. తీగ చీజ్‌లోకి కాక బొటనవేలిలోకి దిగింది. కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చాక, ఆ రాత్రి భయం ఆమె పొగరును కాస్త వంచింది. రెన్స్కె చెప్పినట్టే చేస్తానంది.

నెల పైన చేసింది. లవంగాలు వేసిన చీజ్ దిమ్మెలు రోజంతా ముక్కు కింద గుబాళిస్తుంటే నోట్లో వేసుకోకుండా అమ్మింది. చెరువు నాచులా ఉన్న రసం ముక్కు మూసుకుని మింగింది. స్కర్టు నడుం దగ్గర వదులైంది. తలనొప్పి మాత్రం వారానికి నాలుగైదు రోజులు రాసాగింది. వచ్చినప్పుడల్లా దుకాణంలో దొరికే మాత్ర వేసుకునేది.

"విషం బయటికి పోతోంది వదినా, ఓర్చుకో" అంది రెన్స్కె మొహం చేటంత చేసుకుని.

"పోయేది విషం కాదు, నేను" అని బౌక్యె ఆ రసం సీసా సింకులో ఒంపేసి, డాక్టరు దగ్గరికి పోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. బౌక్యె కంటికి ఆమె నిన్నగాక మొన్న బడి దాటినట్టుంది. ఎన్నింటికి లేస్తారని అడిగింది. సంత రోజుల్లో చీకటితో, ఆదివారం పొద్దెక్కాక. పొద్దున ఏం తింటారు? పాలు లేని కాఫీ. తర్వాత? ఇంకో కాఫీ. మధ్యాహ్నం బేరం ఆగితే ఏదో ఒకటి. మాత్రలు? నొప్పి వచ్చినప్పుడల్లా.

"ఆ మాత్రలే కొంత నొప్పిని తెచ్చిపెడుతున్నాయండీ. అంత తరచుగా వేసుకుంటే అలాగే అవుతుంది" అంది డాక్టరమ్మ. "వాటిని ఆపుదాం. పెద్ద నొప్పి వస్తే మొదట్లోనే వేసుకోవడానికి వేరేది రాసిస్తాను. రోజూ ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేవండి, ఆదివారమైనా సరే. లేవగానే తినండి. నీళ్ళు తాగండి. కాసేపు నడవండి."

"పొద్దున తినమని చెప్పడానికి అన్నేళ్ళు చదివారా?"

"లేదండీ. మీలాంటివాళ్ళకి కోపం రాకుండా చెప్పడానికి చదివాను."

బౌక్యె ఇంటికి వచ్చి వీబె ముందు ఆ మాటలన్నీ గొంతు మార్చి వెక్కిరించింది. ఇది కూడా పనికిమాలిన వైద్యమేనని నిరూపించడానికే పాటిస్తానంది. మాత్రలు మానిన మొదటి రెండు వారాలు నరకం చూసింది. తర్వాత ఏ హడావుడీ లేకుండా నొప్పి పలచబడింది. రై రొట్టె, వెన్న, ఉడికిన గుడ్డు తిని సంతకు పోయిన రోజుల్లో కళ్ళు నిలకడగా ఉండేవి. ఉండబట్టలేక ముదురు చీజ్ ముక్క నోట్లో వేసుకుంది. ఏమీ కాలేదు. కొందరికి పడదట, ఆమెకు పడింది. ఇంత చప్పిడి సంగతి తన తలకు పనిచేసినందుకు ఆమెకు సిగ్గుగా కూడా అనిపించింది.

"నీళ్ళు తాగమనీ, వేళకి పడుకోమనీ రెన్స్కె కూడా చెప్పింది కదే" అన్నాడు వీబె.

"పౌర్ణమి నాడు ఉప్పు ముట్టొద్దని కూడా చెప్పింది. నోటికొచ్చిందల్లా చెప్పేవాళ్ళకి ఒకటీ అరా తగలకుండా ఎలా ఉంటుంది?"

అంతలో రెన్స్కె తన మంగళవారం గుంపుకు 'నా ఆకు రసంతోనే తగ్గింది, మా వదినే సాక్ష్యం' అని చెప్పుకుంటోందని సంతలో తెలిసింది. బౌక్యె ఒళ్ళు మండి ఆ మంగళవారం లైబ్రరీకి పోయింది. గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. అందరి ఒళ్ళోనూ ఆకుపచ్చ సీసాలే. అందరి మొహాల్లోనూ ఉపవాసం చేస్తున్నవాళ్ళ గర్వమే. బౌక్యెకు వాళ్ళను చూస్తే గడ్డి ముందు నిలబడ్డ గొర్రెలు నయమనిపించింది. అవి కనీసం కడుపునిండా తింటాయి.

తలుపు పక్కన ఈమ్కె కూర్చుని ఉంది. దీవులకు పోయే ఓడల టిక్కెట్లిచ్చే అమ్మాయి. మనిషి సగమైంది. రెన్స్కె లేచి వదినను చూపించబోతుండగా ఆ పిల్ల మొహం సున్నంలా పాలిపోయి, కుర్చీలోంచి పక్కకు ఒరిగింది.

"కంగారు పడకండి, ఇది శుద్ధి లక్షణం!" అంది రెన్స్కె.

"ఆకలి లక్షణం!" బౌక్యె అప్పటికే పిల్లను నేల మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టుకుంది. "నిన్న ఏం తిన్నావే?"

"ఒక ఆపిల్... ఆకు రసం, అక్కా."

"మొన్న?"

ఈమ్కె ఏడ్చేసింది. బౌక్యె రెన్స్కె వైపు తిరిగింది. "పాలొద్దు, రొట్టొద్దు, గుడ్డొద్దు! నీకు రాళ్ళే నయం రెన్స్కె. వీపు మీద పెట్టావు, ఎవరి కడుపూ మాడ్చలేదు. నా పేరు ఇంకోసారి ఇక్కడ ఎత్తావంటే నీ సీసాలన్నీ కాలవలో ఉంటాయి."

పిల్ల తేరుకున్నాక తన వ్యానులో కూర్చోబెట్టి రొట్టె, వెన్న, లేత చీజ్ పెట్టింది. నెమ్మదిగా తినమని కసిరింది. మర్నాడు తనే ఆ చిన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రెన్స్కె గుంపు శీతాకాలం రాకముందే చెదిరిపోయింది. ఆవిడ వదినతో మాట్లాడడం మానేసి, పాదాల గీతలు చూసి జబ్బులు చెప్పడం నేర్చుకోవడానికి పోయింది.

బౌక్యెకు తలనొప్పి పూర్తిగా పోలేదు. నవంబరులో సముద్రపు గాలి విసిరికొట్టిన ఒక శనివారం, వేళకు పడుకుని, వేళకు లేచి, కడుపునిండా తిన్నా కూడా ఆ వంకర గీత లేచింది. వెంటనే డాక్టరిచ్చిన మాత్ర వేసుకుని, బండి వీబెకు అప్పగించి ఇంటికి పోయి తెరలు దించుకుంది. ఇదివరకు రెండు రోజులు పడుకోబెట్టే నొప్పి సాయంత్రానికి సడలింది. వీబె మిగిలిన దిమ్మెలు మోసుకొచ్చి వంటింట్లో పెట్టాడు. బౌక్యె దుప్పటి కప్పుకుని వచ్చి, వంకరటింకరగా తెగిన ఒక దిమ్మె ఎత్తి చూసింది.

"దీన్ని తీగతో కోశావా, పళ్ళతో కొరికావా?" అంది, రొట్టె కోసం డబ్బా తెరుస్తూ.